‘పనితనం’ ప్రతిభ కాదా?

కవికి ‘ప్రతిభ’, శిల్పికి ‘పనితనం’ అన్న పంపకం తెలుగు విమర్శలో చాలాకాలంగా సాగుతోంది. ఒక కావ్యాన్ని తక్కువ చేయదలచినప్పుడు అందులో పనితనమే తప్ప ప్రతిభ లేదని తేల్చివేయడం కూడా పరిపాటి. ఈ పంపకానికి అలంకారశాస్త్రం ఆధారమన్న భావన విచారణకు నిలవదు.

మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడూ కలిసి కావ్యానికి ఒకే హేతువని, అవి వేర్వేరు హేతువులు కావని కావ్యప్రకాశంలో స్పష్టం చేశాడు. ప్రతిభ ఒక్కటే కారణమన్న జగన్నాథ పండితరాయలు దీనికి ప్రతివాదిగా కనిపిస్తాడు. అయితే ఆ ప్రతిభ కొందరికి అదృష్టం వల్ల, మరికొందరికి వ్యుత్పత్త్యభ్యాసాల వల్ల కలుగుతుందని రసగంగాధరంలో ఆయనే అన్నాడు. అంటే సాధన ప్రతిభకు బయటిది కాదు. దానికి జన్మస్థానం కాగలదు.

తెలుగు నుడికారం ఈ సత్యాన్ని ముందే గుర్తించింది. సిద్ధహస్తుడైన రచయితను ‘చేయి తిరిగిన’వాడంటాం. కవిని మెచ్చడానికి చేతిపని నుంచి మాట తెచ్చుకునే విమర్శ, చేతిపనివానికి ‘ప్రతిభ’ అన్న మాట ఇవ్వడానికి మాత్రం వెనుకాడుతుంది.

ఈ లోభం ఫలితం మెదక్ పట్టణంలో కనిపిస్తుంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ సంకల్పంతో, కరువుకాలంలో పనికి అన్నం పెడుతూ సాగిన కెథడ్రల్ నిర్మాణం పూర్తయి, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. దాని రంగుటద్దాల కిటికీల ప్రస్తావన వస్తే చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ పేరు వినిపిస్తుంది. సుమారు 175 అడుగుల శిఖరానికి రాయి మలచినవారు మాత్రం ‘కూలీలు’ అన్న ఒక్క మాటలో కలిసిపోతారు. కరువు కథలో వారి ఆకలి మిగిలింది. ఉలి నేర్పు మిగలలేదు.

వారు ఇతరులు గీసిన నమూనాను అనుసరించారే తప్ప కొత్తగా సృష్టించలేదన్నది రాగల ఆక్షేపణ. చంపకమాలకు గణ యతి ప్రాసలు ముందే నిర్ణీతమైనవి. అంతమాత్రాన నన్నయ పద్యాన్ని అనుసరణ అనము. నమూనా కాగితం మీద ఉంటుంది; ఎదుట ఉన్న రాయి పొర ఎటు ఉందో, దెబ్బ ఎక్కడ పడాలో కాగితం చెప్పదు. ఆ నిర్ణయం చేయి తిరిగినవానిది.

కనుక ‘పనితనం’ ప్రతిభ లేమికి పర్యాయపదం కాదు; సాధనలో పండి, వస్తువులో కంటికి కనిపించే ప్రతిభకు అచ్చతెలుగు పేరు. ఆ మాటను నిందగా వాడే విమర్శ శాస్త్రాన్ని సగమే చదివినట్లు, శ్రమను అసలే చూడనట్లు.