క్షయరోగికి టానిక్కులు

ప్రశ్న: మావారికి క్షయ అని తేలి మూడు నెలలయింది. ప్రభుత్వాసుపత్రిలో బిళ్ళలు ఉచితంగానే ఇస్తున్నారు. బలానికని తెలిసినవాళ్ళు చెబితే రెండు రకాల టానిక్కులు, విటమిన్ బిళ్ళలు అప్పు చేసి కొంటున్నాను. నాలుగు కిలోలు పెరిగారు. దగ్గు పోయింది. కాని అరికాళ్ళు మంటలట. ఆసుపత్రి బిళ్ళలు వేడి చేస్తున్నాయి, ఇక టానిక్కులు చాలునంటున్నారు. మానవచ్చునా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: ఎంతమాత్రం మానకూడదు. దగ్గు తగ్గినా, ఒళ్ళు చేసినా అది ఆ ఉచితపు బిళ్ళల చలవే. పేరు మాత్రం రంగు సీసా కొట్టేసింది! క్రిములు కొన్ని లోపల ఇంకా మిగిలి ఉంటాయి. మామూలు క్షయకు ఆరు నెలలూ మందు పడవలసిందే. మధ్యలో మానితే జబ్బు తిరగబెట్టవచ్చు, అప్పుడు ఈ మందులకు లొంగకనూ పోవచ్చు.

అరికాళ్ళ మంటలు 'వేడి' కాదు. మూత్రం ఎర్రగా వచ్చేసరికి చాలామంది అలాగే అనుకుంటారు. అది రిఫాంపిసిన్ రంగు, హాని లేదు. మంటల సంగతి వేరు. ఐసోనియాజిడ్ అనే మందు ఒంట్లో బి6 విటమినుకు, అంటే పైరిడాక్సిన్‌కు, కొరత తెస్తుంది. దానితో నరాలు దెబ్బతిని తిమ్మిర్లు, మంటలు వస్తాయి. తాగుడు అలవాటున్నవారికి, మధుమేహరోగులకు, గర్భిణులకు, బాగా చిక్కిపోయినవారికి ఈ బాధ ఎక్కువ. రాకుండా ఉండటానికి రోజుకు 10 మిల్లీగ్రాముల పైరిడాక్సిన్ చాలు. వచ్చాక మోతాదు పెంచాలి, ఎంతన్నది డాక్టరు నిర్ణయించాలి. మీరు కొంటున్న సీసాలో అది ఉన్నా చాలినంత ఉండకపోవచ్చు. రేపే ఆసుపత్రికి తీసుకువెళ్ళి మంటల సంగతి చెప్పండి. రక్తంలో చక్కెర కూడా చూపించండి.

క్షయరోగికి నిజంగా పనికివచ్చే విటమిన్ ఇదొక్కటే అన్నా తప్పులేదు. మిగతావి లోపం ఉన్నవారికే. విటమిన్ డి ఇస్తే క్షయ త్వరగా తగ్గుతుందేమోనని పలుచోట్ల పరీక్షించారు. అందరికీ ఇచ్చినందువల్ల చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు.

అయితే తిండి మాట కొట్టిపారేయకండి. 1950లలో మద్రాసులో ఒక పరిశోధన జరిగింది. శానిటోరియంలో మంచి భోజనం తిన్నవారితో సమానంగా, ఇరుకు ఇళ్ళలో చాలీచాలని తిండి తింటూ మందు మింగినవారికీ జబ్బు నయమయింది. క్రిమిని చంపేది మందే! కాని 2023లో వెలువడిన జార్ఖండ్ పరిశోధనలో, రోగుల ఇళ్ళకు బియ్యం, పప్పు వగైరా దినుసులు అందించి చూశారు. మొదటి రెండు నెలల్లో బరువు పెరిగిన రోగుల్లో మరణాలు తక్కువ. తిండి సాయం అందిన కుటుంబాలలో మిగతావారికి క్షయ సోకటం నూటికి 39 వంతులు తగ్గింది.

కనుక సీసాలకు పోసే డబ్బుతో కందిపప్పు, గుడ్లు, వేరుశనగపప్పు, పాలు కొనండి. ఆయన ఒక్కరికే కాదు, మీరూ పిల్లలూ కూడా తినాలి. అయిదేళ్ళలోపు పిల్లలుంటే పరీక్ష చేయించండి. జబ్బు లేకపోయినా ముందుజాగ్రత్త మందు ఇస్తారు. నిక్షయ్ పోషణ్ యోజన కింద మందు వాడినంతకాలం తిండి ఖర్చుకు నెలకు 1000 రూపాయలు (2024 నవంబరుకు ముందు 500) రోగి బ్యాంకు ఖాతాలో వేస్తారు. మీకు అందుతున్నట్లు రాయలేదు. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు పాసు పుస్తకం కూడా పట్టుకువెళ్ళండి.