రెండు పట్టములు – ఒక్క చదువు

ఖర్చుచేసినను తరుగని సొత్తు విద్య యొక్కటియే యని మన దేశమున బడిపిల్లవానికిని దెలియును. ఈ సంగతి మన విశ్వవిద్యాలయముల లెక్కలపుస్తకములకు మాత్ర మింకను దెలియలేదు.

2021 జూలైలో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అను నేర్పాటునకు నియమములు వెలువరించిరి. విద్యార్థి ముగించిన పాఠ్యములు క్రెడిట్లుగా అతని ఖాతాలో జమయగును. వానిని జూపి పట్టము పొందినతోడనే యవి శాశ్వతముగా ఖర్చువ్రాయబడును. 2022 ఏప్రిల్‌లో ఆ సంఘమువారే యొక విద్యార్థి యేకకాలమున రెండు పట్టములకు జదువవచ్చునని యనుమతించిరి. రెండును సదుద్దేశముతో జేసినవే. కాని రెండింటిని గలిపి చూచినచో దేలు ఫలమేమి?

ఒక విద్యార్థి కళాశాలలో రాజనీతిశాస్త్రమునను, దూరవిద్యలో ప్రభుత్వపాలనాశాస్త్రమునను ఎం.ఏ. చదువుచున్నాడనుకొందము. భారత రాజ్యాంగము రెండింటను పాఠ్యమే. 2023 నాటి జాతీయ క్రెడిట్ విధానము ప్రకారము క్రెడిటు ఒక్కింటికి 30 గంటల శ్రమ. నాలుగు క్రెడిట్ల పాఠ్యమునకు 120 గంటలు. ఆ రాజ్యాంగమునే, ఆ తీర్పులనే, అతడు మరి 120 గంటలు చదివి, మరల ఫీజు చెల్లించి, మరల పరీక్ష వ్రాయవలెను. ఈ రెండవ పర్యాయమున నతడు క్రొత్తగా నేర్చునదేమి? ధనికుని బిడ్డకిది విసుగు. కూలిచేసి బిడ్డను జదివించు తండ్రికిది దండుగ.

ఒక్క చదువును రెండుమారులు లెక్కించినచో పట్టముల విలువ పోవునని కొందరు పెద్దలు వాదింతురు. ఈ వాదమును మేము తేలికగా ద్రోసివేయము. హద్దులేక లెక్కించినచో, ఒకే చదువునకు రెండు పేర్లు పెట్టి యమ్ముకొను సంస్థలు పుట్టితీరును. అందులకు మందు హద్దు నేర్పరచుట. తలుపు మూయుట గాదు. న్యాయవిద్యను జూడుడు. బి.ఏ.కు 3 ఏండ్లు, ఎల్.ఎల్.బి.కి 3 ఏండ్లు. విడివిడిగా జదివిన 6 ఏండ్లు. రెండును గలిపిన కోర్సునకు 5 ఏండ్లే. ఆ పట్టముతో వచ్చిన వకీలును ఏ న్యాయాధిపతి తక్కువవానిగా జూచును? అంతయేల? నాలుగేండ్ల డిగ్రీ ముగించినవారు ఒక్క యేటనే ఎం.ఏ. పూర్తిచేయవచ్చునని 2024లో నిధుల సంఘమువారే పద్ధతి నేర్పరచిరి. నాలుగవయేటి చదువు మొదటి పట్టమునకును బనికివచ్చి, రెండవదాని కాలమునుగూడ దగ్గించుచున్నది గదా! ఒకచోట న్యాయమైనది వేరొకచోట నన్యాయమెట్లగును?

మేము కోరునది స్వల్పము. రెండు ఎం.ఏ. పట్టములకు సమానమైన పాఠ్యములను, ఒక్కొక్క పట్టపు క్రెడిట్లలో నాలుగవవంతునకు మించకుండ, రెండింటను లెక్కింపవలెను. ఆ సంగతి చేరునాడే విద్యార్థికి వ్రాతమూలముగా దెలుపవలెను. ఏ పాఠ్యము రెండుచోట్ల లెక్కకు వచ్చెనో మార్కుల పత్రముపై నచ్చువేయవలెను. దాచనిది మోసము గాజాలదు. పరిశోధనవ్యాసము మాత్రము ప్రతి పట్టమునకును వేరుగా నుండవలెను.

పఠనమందిరములలో నీ పుటను జదువు సోదరులారా! మీ జిల్లాల విశ్వవిద్యాలయముల పాలకమండళ్లకు మహజరులు పంపుడు. వచ్చిన చదువును మరల వెలపెట్టి కొనుమనుట విద్యార్థిపై వేసిన సుంకము. 1930లో ఉప్పుపై సుంకమును ధిక్కరించిన జాతి చదువుపై సుంకమును సహింపదగునా?