తెల్లగా ఉంటే అమెరికా వాళ్ళేనా?

మిమ్మల్ని ఎప్పుడైనా ఎవరైనా ‘మద్రాసీ’ అన్నారా? ఢిల్లీ వైపు కాపురం చేసి వచ్చిన అక్కచెల్లెళ్ళకి ఈ బాధ బాగా తెలుసు. మేం తెలుగువాళ్ళం మొర్రో అని మొత్తుకున్నా వినిపించుకోరు. వింధ్యకి ఇవతల ఉన్నవాళ్ళందరూ వాళ్ళ లెక్కలో ఇడ్లీలు తినే మద్రాసీలే. మా పెద్దక్క పదకొండేళ్ళు ఆగ్రాలో ఉండి ‘మద్రాసీ ఆంటీ’గానే తిరిగొచ్చింది. ఈ వారం నేను చెప్పబోయేదీ అలాంటి సంగతే, కాకపోతే ఇక్కడిది కాదు. కొరియాలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే పంతులమ్మలది. చివర్లో మన సంగతీ ఉంది లెండి. అందులో నా తప్పు కూడా ఉంది, దాచకుండానే చెబుతాను.

మా ఆడపడుచు కూతురు పుట్టిందీ, పెరిగిందీ కెనడాలో. డిగ్రీ కాగానే దక్షిణ కొరియాలో దేగు అనే పెద్ద ఊళ్ళో రెండేళ్ళు ఇంగ్లీషు టీచరుగా చేసింది. ‘ఆడపిల్ల ఒంటరిగా అంత దూరమా!’ అని ఇక్కడ మేమంతా గుండెలు బాదుకున్నాం గానీ, అది మాత్రం హాయిగా వెళ్ళింది. అక్కడ పిల్లలు తల్లిని ‘ఒమ్మా’ అనీ, తండ్రిని ‘అప్పా’ అనీ పిలుస్తారట. మొదటిరోజు బజార్లో ఓ చంటిపిల్ల ‘ఒమ్మా’ అని ఏడుస్తుంటే మన తెలుగు పిల్లేమోనని గబగబా వెనక్కి తిరిగి చూసిందట!

కొరియా తల్లుల ముందు మన కార్పొరేట్ కాలేజీల తల్లులు ఎందుకూ పనికిరారు. బడి అయిపోగానే పిల్లలు ‘హగ్వన్’ అనే ప్రైవేటు ట్యూషన్ సెంటర్లకి పోతారు. ఒకటి లెక్కలకి, ఒకటి ఇంగ్లీషుకి, ఇంకొకటి పియానోకి. ఇల్లు చేరేసరికి పెద్దపిల్లలకి రాత్రి పది దాటుతుంది. నవంబరులో కాలేజీ ప్రవేశపరీక్ష జరుగుతుంది. ఆ పరీక్షలో ఇంగ్లీషు చెవులతో విని జవాబు రాసే భాగం ఒకటుంది. ఆ 35 నిమిషాలూ దేశం మొత్తం మీద విమానాలు లేవవు, దిగవు. చప్పుడు వల్ల పిల్లలకి మాట వినపడకుండా పోతుందేమోనని! తల్లులేమో గుళ్ళలోనూ, చర్చీల్లోనూ మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థనలు చేస్తుంటారు. ఇంగ్లీషు కోసం భార్యనీ, పిల్లల్నీ అమెరికాకో, కెనడాకో పంపించి, తాను ఒక్కడే ఇంట్లో వండుకు తింటూ డబ్బు పంపే తండ్రుల్ని ‘కిరోగి అప్పా’ అంటారట. కిరోగి అంటే అడవిబాతు. వాళ్ళ పెళ్ళిళ్ళలో విడిపోని జంటకి గుర్తుగా చెక్కబాతులు పెడతారు. మనకి అరుంధతీ నక్షత్రం ఎలాగో అలాగన్నమాట. విడిపోని జంట పేరు తెచ్చి విడిగా ఉండే మొగుడికి పెట్టారు, చూడండి!

అంత గిరాకీ ఉంది గనుకే బయటి దేశాల నుంచి టీచర్లని రప్పించుకుంటారు. అయితే అందరికీ తలుపు తీయరు. టీచర్లకిచ్చే ఇ-2 వీసా మామూలుగా ఏడు దేశాల వాళ్ళకే: అమెరికా, కెనడా, ఇంగ్లండు, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలాండు, దక్షిణాఫ్రికా. (2010లో అమల్లోకొచ్చిన వాణిజ్య ఒప్పందంతో మన దేశపు టీచర్లకి కూడా సహాయక టీచర్లుగా చిన్న దారి తెరిచారు.) దేశాలు ఏడైనా వీధిలో వాళ్ళందరికీ పేరు ఒక్కటే, ‘మిగుక్ సారం’. అంటే అమెరికా మనిషి అని.

మావాళ్ళమ్మాయితో పాటు అదే సెంటర్లో ఐర్లండు అమ్మాయి ఒకతి పనిచేసేది. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు. ఎర్రజుట్టు, మొహం నిండా గోధుమరంగు చుక్కలు, మంచి నవ్వు. ఈ పిల్ల బయటికి అడుగుపెడితే చాలు, బడిపిల్లలు ‘హలో! మిగుక్ సారం!’ అని వెంటపడేవారట. ‘కాదు బాబూ, ఐర్లండు’ అని వాళ్ళ భాషలోనే చెప్పేది. పిల్లలు తల ఊపి మళ్ళీ ‘మిగుక్!’ అనేవాళ్ళు. బస్సులో పక్కన కూర్చున్న ఆడవాళ్ళయితే ఆప్యాయంగా బత్తాయి వలిచి చేతిలో పెట్టి, ‘మీ అమెరికాలో ఇంత చలి ఉంటుందా?’ అని అడిగేవారట. ఏం చెబుతాం! పండు తిని, ‘ఉంటుందండీ’ అనేసేదట.

వాళ్ళని అనుకోవడానికి కూడా లేదు. 1945లో జపాను వాళ్ళు పోగానే ఆ దేశాన్ని రెండు ముక్కలు చేశారు. దక్షిణానికి అమెరికా సైన్యం వచ్చింది. 1950 జూన్ నుంచి 1953 జూలై దాకా అన్నదమ్ముల మధ్య ఘోరమైన యుద్ధం. ఆ తర్వాత కూడా ఆ సైన్యం పూర్తిగా వెళ్ళిపోలేదు, ఇవాళ్టికీ 28,500 మంది దాకా అక్కడ ఉన్నారు. ఆ సైనికుల కోసం పెట్టిన టీవీ, రేడియోలని ఊళ్ళోవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి చూశారు, విన్నారు. అంతకుముందు సంగతి చూసినా, 1886లో సియోల్‌లో ఆడపిల్లలకి మొట్టమొదట బడి పెట్టింది అమెరికా నుంచి వచ్చిన మేరీ స్క్రాంటన్ అనే మిషనరీ. అదే పెరిగి పెరిగి ఇవాళ ఈహ్వా మహిళా విశ్వవిద్యాలయం అయింది. కాబట్టి తెల్లమొహం, ఇంగ్లీషు మాట, అమెరికా, ఈ మూడూ వాళ్ళ మనసులో ఒకే ముడి పడిపోయాయి. ‘మిగుక్’ అన్న పేరుని చీనా అక్షరాల్లో రాస్తే ‘అందమైన దేశం’ అని అర్థం వస్తుందట.

మనది వంటల పత్రిక కనుక ఒక వంట సంగతి కూడా చెప్పాలి. యుద్ధం తర్వాత తిండికి కటకటగా ఉన్న రోజుల్లో, సైనిక శిబిరాల నుంచి బయటికొచ్చిన డబ్బా మాంసం, సాసేజీలు దొరికితే, వాటిని కిమ్చీతోనూ, ఎర్రమిరప ముద్దతోనూ కలిపి పెద్ద గిన్నెలో ఉడకబెట్టుకునేవారు. దానిపేరు ‘బుదే జిగే’. తెలుగులో చెప్పాలంటే పటాలం పులుసు! ఉయిజోంగ్బు అనే ఊరు దీనికి ప్రసిద్ధి. ఇప్పుడు అందులో నూడుల్సు, పైన ఒక చీజు ముక్క కూడా వేసి హోటళ్ళలో ఇష్టంగా తింటున్నారు. ఆ డబ్బా మాంసాన్నే అందంగా పెట్టెలో సర్ది వాళ్ళ పెద్దపండక్కి బంధువులకి కానుకగా ఇస్తారంటే నేను మొదట నమ్మలేదు. అమెరికా వాళ్ళ ఇళ్ళలోకి వచ్చి కూర్చుంది గానీ, వాళ్ళు పిలిచి కూర్చోబెట్టలేదని మావాళ్ళమ్మాయి అంటుంది.

ఒకరోజు కూరగాయల బజార్లో ఒక ముసలాయన ఆ ఐర్లండు పిల్ల రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ‘యుద్ధంలో మీరు రాకపోతే మేం ఉండేవాళ్ళం కాదు’ అని. ఐర్లండు ఆ యుద్ధానికి వెళ్ళనే లేదు. అప్పటికి ఐక్యరాజ్యసమితిలోనే చేరలేదు. ఆ చేతులు విడిపించుకోవడానికి మనసొప్పక వంగి నమస్కారం పెట్టి వచ్చేసిందట. వెళ్ళినవాళ్ళలో మనవాళ్ళున్నారు, తెలుసా? పోరాడటానికి కాదు, గాయపడినవాళ్ళకి కట్లు కట్టడానికి. లెఫ్టినెంట్ కల్నల్ రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ దళం 1950లోనే అక్కడికి చేరింది. కానీ ఆ బజార్లో మావాళ్ళమ్మాయి పక్కనే నిలబడి ఉన్నా ఎవరూ దాని చేతులు పట్టుకోలేదు.

థాంక్సు చెప్పేవాళ్ళున్నట్టే తిట్టేవాళ్ళూ ఉంటారు. 2002 సంవత్సరం అక్కడ చాలా చెడ్డగా గడిచిందట. జూన్‌లో దేశమంతా ప్రపంచకప్ ఫుట్‌బాల్ సంబరంలో ఉండగా, సియోల్‌కి ఉత్తరాన పల్లెదారిలో నడిచి వెళుతున్న ఇద్దరు బడిపిల్లల మీదుగా అమెరికా సైన్యం బండి వెళ్ళిపోయింది. ఇద్దరూ అక్కడే చనిపోయారు. పధ్నాలుగేళ్ళయినా సరిగ్గా నిండాయో లేదో. నవంబరులో అమెరికా సైనిక కోర్టు ఆ సైనికులు నిర్దోషులని తేల్చేసరికి జనం కొవ్వొత్తులు పట్టుకుని వేలకి వేలు వీధుల్లోకి వచ్చారు. కన్నవాళ్ళ కడుపుకోత కదా, ఎవరికైనా రగులుతుంది. మావాళ్ళమ్మాయికి సీనియర్ అయిన కెనడా ఆయన ఒకరు ఆ రోజుల్లో అక్కడే ఉన్నాడు. కెనడా టీచర్లు సంచులకి తమ జెండాలో ఉండే ఎర్రటి ఆకు బొమ్మ కుట్టుకుని మరీ తిరిగారట. ఆయన్ని కూడా రైల్లో తాగినవాడొకడు ‘యాంకీ, పో’ అని తోశాడట. ఈయన తిరిగి ఒక్కమాట అనలేదట. ‘ఆ పిల్లల్ని తలచుకుంటే నాకే కోపం వచ్చింది, ఇక అతన్ని ఏమంటాను’ అన్నాడట.

ఇక మావాళ్ళమ్మాయి సంగతి. దాన్ని ఎవరూ అమెరికా అనలేదు. మన రంగు కదా! ‘ఇండో? ఇండో?’ అనేవారు. కెనడా అంటే నవ్వేవాళ్ళు. పుట్టిన దగ్గర్నుంచీ ఇంగ్లీషే మాట్లాడిన పిల్ల అది. తెలుగు మాట్లాడమంటేనే నీళ్ళు నములుతుంది. అయినా ఒక తల్లి వచ్చి, ‘మా బాబుకి ఇండియా టీచరు వద్దు, అమెరికా టీచరుని వెయ్యండి’ అందట. యజమాని పాస్‌పోర్టు చూపించాడు. ఆవిడ పాస్‌పోర్టు చూడలేదు, మొహం చూసింది. ఆ పిల్లాణ్ణి ఐర్లండు అమ్మాయి క్లాసుకి మార్చారు. విచిత్రం ఏమిటంటే, ఆ పిల్ల మాట్లాడే ఐర్లండు యాస మొదటి ఆరు నెలలూ పిల్లలకి ముక్క అర్థమయ్యేది కాదట! అమెరికా వాళ్ళలాగా పలకమని యజమాని రోజూ పోరు పెట్టేవాడు. మర్నాటి సంవత్సరం సెంటరు కరపత్రం వేశారు. ‘అమెరికా టీచర్లతో ఇంగ్లీషు’ అని పైన పెద్దక్షరాలు, మధ్యలో ఐర్లండు అమ్మాయి ఫోటో. మావాళ్ళమ్మాయి ఎక్కడుందంటే వెనక వరసలో, సగం మొహం. ఐర్లండు పిల్ల వెళ్ళి పోట్లాడింది. ‘నేను అమెరికా దాన్ని కాను, ఇది అబద్ధం. ఫోటోలో ఇద్దరం పక్కపక్కనే ఉండాలి’ అని. ‘ఐర్లండు ఎక్కడుందో తల్లులకి తెలీదమ్మా, అమెరికా అంటేనే జీతాలు వస్తాయి’ అన్నాడాయన. కరపత్రం మారలేదు. ఒప్పందం గడువు అవగానే ఇద్దరూ మూటాముల్లే సర్దుకున్నారు.

అక్కడి నుంచి తిన్నగా వచ్చింది మా ఇంటికే. మా పెద్దమ్మాయి పెళ్ళి. ఇప్పుడు చూడండి నేను చేసిన నిర్వాకం. పెళ్ళింట్లో వందమంది చుట్టాలు. ఎర్రజుట్టు పిల్ల పట్టుచీర కట్టుకుని తిరుగుతుంటే అందరూ ఎవరు, ఎవరని నన్నే అడుగుతున్నారు. ఐర్లండు అంటే ‘హాలండా? ఐస్‌లాండా?’ అని ఎదురు ప్రశ్నలు. అవతల పొయ్యి మీద పాకం ముదిరిపోతోంది. ఇక లాభం లేదని ‘అమెరికా అమ్మాయి’ అనేశాను. ఒకసారి అంటే మళ్ళీ మళ్ళీ నోటికి అదే వచ్చింది. ఆ పిల్ల నవ్వుతూ నమస్కారం పెడుతూనే ఉంది. రాత్రి స్టోరు గదిలో తమలపాకులు తుడుస్తుంటే మావాళ్ళమ్మాయి వచ్చి పక్కన కూర్చుని, ‘అత్తయ్యా, నువ్వు కూడానా?’ అంది. కళ్ళనిండా నీళ్ళు. ‘అది నా కోసం ఉద్యోగంలో పోట్లాడింది. ఇక్కడ మనింట్లో దానికి ఊరూ పేరూ లేకుండా చేశావు’ అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే మావారిని అడిగి కొంత, పిల్లల పుస్తకాలు తిరగేసి కొంత తెలుసుకున్నాను. ‘జనగణమన’కి మన మదనపల్లెలో 1919లో బాణీ కుదరడానికి ఠాగూరుగారికి సాయం చేసిన మార్గరెట్ కజిన్స్ ఐర్లండు ఆవిడే! తన దేశంలో ఆడవాళ్ళ ఓటు కోసం జైలుకి వెళ్ళి, 1915లో మన దేశం వచ్చి, ఇక్కడి ఆడవాళ్ళ సంఘాలకి పునాది వేసినావిడ. మదనపల్లె వీధుల్లో ఆవిణ్ణి కూడా ఇంగ్లీషు దొరసాని అనే అనుకుని ఉంటారు. నాకు సందేహం లేదు. గృహప్రవేశం నాడు వచ్చినవాళ్ళందరికీ ఈ కథ మొత్తం చెప్పి, ‘ఆవిడ ఊరి పిల్ల’ అని పరిచయం చేశాను. మా తోటికోడలు ‘జనగణమన వాళ్ళమ్మాయి’ అని అందరికీ చెప్పడం మొదలుపెట్టింది. సరే, అమెరికా కంటే నయమే కదా.

ఇంతకీ కొరియా వాళ్ళు మన దగ్గరికే వచ్చారు చూడండి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల వాళ్ళకి ఇళ్ళు, హోటళ్ళు కూడా వెలిశాయి. హిందూపురంలో ఉండే మా తమ్ముడు ఫోన్ చేసి, ‘ఇక్కడ చైనావాళ్ళు చాలామంది తిరుగుతున్నారక్కా’ అన్నాడు. నేను వెంటనే అందుకుని, ‘చైనా ఏమిట్రా, కొరియా!’ అని కసిరాను. 2020లో కరోనా రోజుల్లో మన ఈశాన్య రాష్ట్రాల పిల్లలు నగరాల్లో ఎన్నెన్ని మాటలు పడ్డారో పేపర్లలో చదివాం కదా. వాళ్ళయితే మన దేశం వాళ్ళే.

ఐర్లండు పిల్ల వెళ్ళేటప్పుడు గోంగూర పచ్చడి సీసా ఇచ్చాను. పండుమిర్చి వేసి, నూనె పైకి తేలేటట్టు పట్టిన పచ్చడి. మొన్న ఫోన్ చేసింది. ‘అత్తయ్యా’ అనే పిలుస్తుంది నన్ను, మావాళ్ళమ్మాయిని చూసి నేర్చుకుంది. వాళ్ళ నాయనమ్మకి మన పచ్చడి మహా నచ్చిందట. బ్రెడ్డు మీద రాసుకుని తినేస్తోందిట. ఆదివారం చర్చి నుంచి వచ్చినవాళ్ళందరికీ తలా కాస్త రుచి చూపించి, ‘మా మనవరాలు కొరియా నుంచి తెచ్చింది, అక్కడి పచ్చడి’ అని చెబుతోందిట! ఎంత చెప్పినా ఆవిడకి ఎక్కడం లేదని ఈ పిల్ల ఒకటే నవ్వు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. వచ్చే నెలలో ఇంకో సీసా పంపిస్తున్నాను. ఈసారి దానిమీద ‘గుంటూరు’ అని వేలెడంత అక్షరాలతో రాయిస్తాను.