వెలిగే బోర్డు కొంటున్నారా?

లాడ్‌బజార్‌లో గాజులు కొనడం కంటే కష్టమైన పని లోకంలో ఇంకోటి ఉండదనుకున్నాను ఇన్నాళ్లూ. ఉందండీ. అదే లాడ్‌బజార్‌లో గాజులు అమ్మేవాళ్లు షాపుకో తెర కొనుక్కోవడం.

షాపు వెడల్పు ఎనిమిదడుగులు. అందులోనే లక్క గాజులు, రాళ్ల గాజులు, పెళ్లికూతురి జతలు, అద్దాల డబ్బాలు, ఇద్దరు పనివాళ్లు, ఒక టేబుల్ ఫ్యాను. పేరు రాయొద్దన్నారు యజమాని. ‘నవ్వుతరు సార్’ అన్నారు. నవ్వాల్సిందేమీ లేదు గానీ, మాటిచ్చాను కదా!

వాళ్ల నాన్నగారి రోజుల్లో షాపు ముందు రేకు బోర్డు ఉండేది. పెయింటరు నిచ్చెనెక్కి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, హిందీ నాలుగింట్లోనూ పేరు రాశాడట. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది, రెండు ఎండాకాలాలకే వెలిసిపోయింది. ఆపైన ఎర్రక్షరాలు పరిగెత్తే బోర్డు. చివరికి ఇంట్లో పెద్ద టీవీ కొన్నప్పుడు పాతదాన్ని తెచ్చి షాపు అద్దంలో నిలబెట్టారు. గాజుల ఫొటోలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పెడితే జనం నిజంగానే ఆగి చూశారట.

ఆ ముచ్చట ఒక్క ఎండాకాలం. మధ్యాహ్నం ఎండ నేరుగా అద్దం మీద పడే వేళకి తెర నడిమధ్యలో నల్లటి మచ్చ వచ్చేది. సాయంత్రానికి దానంతటదే పోయేది. ‘జిన్ పట్టింది’ అన్నాడట పక్క షాపాయన. జిన్నూ లేదు, భూతమూ లేదు. ఎల్‌సీడీ తెరలో ఉండే ద్రవ స్ఫటికాలు ఒక హద్దు దాటి వేడెక్కితే వాటి అమరిక చెదిరి, ఆ మేర తెర నల్లబడుతుంది. చల్లారితే సర్దుకుంటుంది. కానీ రోజూ అదే తంతయితే లోపలి పవర్ బోర్డు ఊరుకోదుగా. రంజాన్‌లో, సరిగ్గా బేరాలు జోరుగా ఉన్న రాత్రి, టీవీ కన్నుమూసింది.

వారంటీ ఇంకా ఉంది కదా అని సర్వీసు సెంటరుకి మోసుకెళ్లారు. వాళ్లు కార్డు వెనక చిన్నక్షరాల మీద వేలుపెట్టి చూపించారు... గృహావసరాలకు మాత్రమే! ‘దుకాణంల పెట్టినమని ఎందుకు చెప్పినవ్ అని మా ఇంటావిడ ఇప్పటికీ తిడ్తది సార్’ అన్నారాయన. అబద్ధం ఆడకపోవడం తప్పా మరి?

అప్పట్నుంచీ ఆయనకి తెరల గురించి వాకబు చేయడమే పని. కోఠి గుజరాతీ గల్లీ తిరిగారు. ట్రూప్ బజార్ తిరిగారు. ఇంటి టీవీ ధరకి దాదాపు రెట్టింపు చెప్పి ‘ఇది కమర్షియల్ డిస్‌ప్లే’ అన్నారట అంతా. చూడ్డానికి రెండూ ఒకటే. మరి రెట్టింపు దేనికి? ఆయన ప్రశ్న అదే. నేనూ ఆయనతో పాటే నేర్చుకున్నాను.

ఇంటి టీవీని రోజుకి ఐదారు గంటలు చూస్తారన్న లెక్కతో చేస్తారు. దుకాణం తెరల్లో కొన్ని రోజుకి పదహారు గంటలకి, కొన్ని ఇరవై నాలుగు గంటలకి తయారైనవి. ఆ సంగతి పెట్టె మీద 16/7 అనో 24/7 అనో రాసి ఉంటుంది. మామూలు రోజుల్లో పదహారు ధారాళంగా చాలు. కానీ పాతబస్తీలో రంజాన్ నెల ఉందే, అప్పుడు బజారుకి రాత్రీ పగలూ తేడా ఉండదు. ఆ ముప్పై రోజుల కోసం ఇరవై నాలుగు గంటల రకం కొనాలా, లేక తెల్లారి ఓ నాలుగు గంటలు మర్చిపోకుండా ఆపితే సరిపోతుందా? నాకైతే రెండోదే మేలనిపించింది. స్విచ్చు నొక్కే కుర్రాణ్ని నమ్మగలిగితేనే సుమా.

ఇక వెలుగు. దీన్ని నిట్లలో కొలుస్తారు. చదరపు మీటరు మేర ఒక కొవ్వొత్తి పాటి వెలుగుంటే ఒక నిట్ అనుకోండి. ఇంటి టీవీలు ఎక్కువగా 250 నుంచి 400 నిట్ల దాకా ఉంటాయి. షాపు లోపల పెట్టే తెరకి 500 నుంచి 700 కావాలి. ఎండ పడే అద్దంలో నుంచి వీధికి కనబడాలంటే 2,500 దాకా పోవాల్సిందే, ఆ తెరల ధర వింటే మాత్రం కళ్లు తిరుగుతాయి. మన భాయ్‌కి సులువైన దారి దొరికింది. తెరని అద్దానికి అంటించకుండా ఎండ చేరని పక్క గోడకి మార్చడం. పైసా ఖర్చు లేదు. చాలామంది నిట్లు కొంటారు గానీ నీడని చూసుకోరు.

నిలువుగా పెట్టాలన్నది ఇంకో కోరిక. చేతి నిండా వేసిన గాజులు నిలువు తెర మీదే అందంగా కనిపిస్తాయి మరి. ఇంటి టీవీలు అడ్డంగా ఉన్నప్పుడు వేడి బయటికి పోయేలా తయారవుతాయి, నిలువుగా తిప్పితే ఉడికిపోతాయి. కమర్షియల్ వాటిలో చాలావాటిని ఎలా పెట్టినా పర్వాలేదు, కాకపోతే కొనేముందు అడిగి, బిల్లు మీద రాయించుకోండి. కరెంటుకి భయపడక్కర్లేదు. 43 అంగుళాల తెర వంద వాట్లు తాగుతుందనుకున్నా, పన్నెండు గంటలకి యూనిటుంపావు కూడా కాదు. 50 వేల గంటల ఆయుష్షు అని చెబితే మాత్రం అది తెర ఆరిపోయేదాకా అనుకోకండి, వెలుగు సగానికి పడిపోయేదాకా అని అర్థం.

అసలు గొడవ షాపు బయట బోర్డు దగ్గర వచ్చింది. వాళ్ల తమ్ముడికి బయట కూడా మెరిసేదే కావాలి. ఎర్రక్షరాలు పరిగెత్తే రకం మొన్నటిదాకా ప్రతి వీధిలోనూ ఉండేది. ఎరుపే ఎందుకంటే నీలం ఎల్‌ఈడీ అందుబాటులోకి రావడానికి చాలాకాలం పట్టింది. జపాన్‌లో షుజి నకమురా 1993లో బాగా వెలిగే నీలం దీపం చేసి చూపించాకే తెల్ల వెలుగుకీ, రంగుల తెరలకీ దారి దొరికింది. దానికే 2014లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. అంత గొప్ప కనిపెట్టుబడి మన గల్లీలోకొచ్చి ‘సేల్ సేల్’ అని మెరుస్తోందన్నమాట!

ఈ బోర్డుల్ని పలకలుగా అమ్ముతారు. పీ10 అంటే చుక్కకీ చుక్కకీ మధ్య పది మిల్లీమీటర్లు. పది మీటర్ల దూరం నుంచి చూస్తేనే చుక్కలు కలిసి అక్షరంలా కనబడతాయి. లాడ్‌బజార్‌లో పది మీటర్లు వెనక్కి నడిస్తే ఎదుటి షాపులోకి వెళ్లిపోతారు! ఇక్కడ పీ2.5 లాంటిదే పనికొస్తుంది, అదేమో జేబుకి పెద్ద చిల్లు.

అంతకంటే పెద్ద చిక్కు అక్షరాలది. పీ10 పలక ఎత్తు పదహారు చుక్కలే. ఇంగ్లీషు అక్షరాలు ఆ పదహారులో హాయిగా ఒదుగుతాయి. మన తెలుగుకి పైన గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తుకి మళ్లీ ఇంకో ఒత్తు. ‘లక్ష్మి’ అని రాయించి చూడండి, కింది మకారం ఒత్తు ఏదో మచ్చలా మిగులుతుంది. ఉర్దూ పరిస్థితి మరీ ఘోరం. నస్తాలిక్ రాత వాలుగా దిగుతూ వస్తుంది, దానికి ఎత్తు కావాలి. అందుకే ఆ బోర్డుల మీద ఉర్దూ, అరబ్బీ పుస్తకాల్లోలా బల్లపరుపుగా కనబడుతుంది. నస్తాలిక్‌ని కంప్యూటర్లోకి ఎక్కించడమే ఓ తపస్సు. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ చేతిరాత నుంచి వేలకొద్దీ పదాల ముక్కలు తయారుచేస్తే 1981లో నూరీ నస్తాలిక్ వచ్చింది. ఆ తర్వాతే చత్తా బజార్ కాతిబ్‌ల కలాలకి పని తగ్గింది.

చత్తా బజార్‌లో పెళ్లికార్డుల ప్రెస్సుల మధ్య కూర్చునే ఓ పెద్దాయన్ని అడిగాను. ‘చాచా, ఈ మెరిసే బోర్డుల మీద మీకు కోపం లేదా?’ అని. ‘కోపమెందుకు బేటా? కరెంటు పోతే వాళ్ల బోర్డు గుడ్డిది. నాది అప్పుడూ పేరు చెప్తది’ అన్నారు నింపాదిగా.

కొనేముందు నిబంధనలూ చూసుకోవాలి. షాపుల చట్టం కింద బోర్డు మీద తెలుగు ఉండాలి, వేరే భాషలు ఉంటే దాని కింద రాయాలి. 2017లో ఉర్దూ తెలంగాణ అంతటా రెండో అధికార భాష అయింది, పాతబస్తీ షాపులకి ఆ ముచ్చట కొత్తేమీ కాదనుకోండి. ప్రకటనల ఎత్తు విషయంలో 2020లో ప్రభుత్వం నేల నుంచి పదిహేను అడుగుల హద్దు పెట్టింది. చార్మినార్‌కి వంద మీటర్ల లోపల కొత్త నిర్మాణమేదీ చేయకూడదని పురావస్తు చట్టం చెబుతోంది. పత్తర్‌గట్టిలో రాతి కమానులకి డ్రిల్లు పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 1908 మూసీ వరద తర్వాత ఊరిని మళ్లీ తీర్చిదిద్దిన రోజుల్లో ఓపిగ్గా చెక్కి నిలబెట్టిన రాళ్లవి.

ఇంతకీ ఏం తేల్చారంటారా? బయట రేకు బోర్డే, పెయింటరు చేత్తో రాసిందే, పైన రెండు మామూలు బల్బులతో. తమ్ముడు రెండు రోజులు అలిగాడు. లోపల 43 అంగుళాల కమర్షియల్ తెర, నిలువుగా. దాన్ని గల్లా పక్కన పెడదామని తమ్ముడంటే భాయ్ ససేమిరా అన్నారు. చీర తెచ్చుకుని గాజులు జత చూసుకునే ఆడవాళ్ల మీద తెర నీలం వెలుగు పడితే ఎరుపు ఒకలా, మెరూన్ ఇంకోలా కనబడుతుందని, ఇంటికెళ్లాక రంగు తేడా ఉందని వాపసు తెస్తారని ఆయన వాదన. ముప్పై ఏళ్లుగా గాజులు జత చేస్తున్న కళ్లు, కాదనడానికి నేనెవర్ని? 2024లో మన లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ సంగతే తెరమీద మొదటి ఫొటోగా వేస్తారట.

నేను వచ్చేసేటప్పటికి ఆయన టేపు పట్టుకుని పక్క గోడ కొలుస్తున్నారు. నిలువుగా పెడితే తెర వెడల్పు రెండడుగుల లోపే. ఎత్తు మూడడుగులు దాటుతుంది. ఆ చోటులో ఇప్పుడు నాలుగు అరల నిండా గాజుల డబ్బాలున్నాయి. వాటినెక్కడ సర్దాలో మాత్రం అన్నదమ్ములిద్దరికీ ఇంకా తెగలేదు.