పిల్లలు చెబితే తప్పేంటట?

ఫిబ్రవరి 4 వస్తే చాలు, స్కూల్లో పిల్లల చేత అట్టల మీద క్యాన్సర్ నినాదాలు రాయించి వీధులన్నీ తిప్పుతారు. మనం గేటు దగ్గర నిలబడి ఫోటోలు తీసి స్టేటస్ పెట్టుకుంటాం. అదే పిల్ల సాయంత్రం ఇంటికొచ్చి "అమ్మా, నువ్వెప్పుడైనా టెస్టు చేయించుకున్నావా?" అని అడిగిందా, "నోర్ముయ్, ఇవన్నీ నీకెందుకు" అంటాం. ఇదేం న్యాయమండీ?

"పెళ్ళికాని పిల్ల గర్భసంచి మాటలు మాట్లాడ్డమేమిటి" అనే అత్తగార్లూ, పిన్నమ్మలూ నాకు బాగా తెలుసు. కరెంటు బిల్లు కట్టాలన్నా, గ్యాస్ బుక్ చెయ్యాలన్నా, ఓటీపీ చదవాలన్నా ఆ పిల్లే కావాలి. బ్యాంకు మెసేజి దాని చేత చదివించుకుంటే పోని పరువు, డాక్టరు దగ్గరికెళ్ళమంటే పోతుందా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. రొమ్ము పరీక్షయితే ఒక్కరి దాకా కూడా రాలేదు. "మా సంగతి మేం చూసుకుంటాం" అనే పెద్దరికం తాలూకు లెక్క ఇదీ!

పోనీ అదేమన్నా ఆపరేషనా? ముంబై బస్తీల్లో టాటా మెమోరియల్ వాళ్ళు పదో తరగతి చదివిన ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, వెనిగర్‌లో ఉండే ఆమ్లం రాసి చూసే పరీక్ష చేయించారు. తేడా ఉన్నచోట నిమిషంలో తెల్లబడుతుంది, అంతే. లక్షన్నర మందిని ఏళ్ళ తరబడి గమనించి, పరీక్షకు పిలిచిన బస్తీల్లో ఆ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయని 2013లో చెప్పారు. మన ప్రభుత్వ పథకంలోనూ 30 దాటినవాళ్ళకి ఐదేళ్ళకోసారి ఈ పరీక్ష చెయ్యాలని ఉంది. నోరు చూడ్డానికైతే టార్చిలైటు చాలు. శ్రీకాకుళం వైపు చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మామ్మలుంటారు కదా, వాళ్ళకి "అంగిలి చూపించుకో" అని చెప్పే చనువు కోడలికి ఉండదు. మనవరాలికి ఉంటుంది.

పిల్లల మీద అంత బరువు పెడతామా అంటారు కొందరు. అందులో నిజముంది. పిల్ల పని అడగడం వరకే. ఎప్పుడు వెళ్ళాలి, రిపోర్టులో ఏముంది, తర్వాతేం చెయ్యాలి అన్నవి పెద్దలు చూసుకోవాలి. తెల్లమచ్చ కనబడినంత మాత్రాన క్యాన్సరే అని కాదని పిల్లకి చెప్పడమూ మన పనే, లేకపోతే దానికి నిద్ర పట్టదు. కానీ ఈ బరువు మాట ఎత్తేవాళ్ళలో చాలామందికి పిల్లల మీద జాలికన్నా పరీక్షంటే భయమే ఎక్కువని నా అనుమానం.

ఇంకో సంగతి. ఇదంతా ఆడపిల్లల వంతే ఎందుకవ్వాలి? నాన్న జేబులో ఖైనీ పొట్లం కొడుకు రోజూ చూస్తూనే ఉంటాడు, ఆ మాట వాడే అడగచ్చు. అమ్మతో బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళడానికి పదహారేళ్ళ వాడికేం అడ్డం? బయట బెంచీ మీద కూచుని ఫోను చూసుకుంటాడు. ఇంట్లో ఉన్నా ఎలాగూ చేసేది అదే.