జాబ్ కార్డులో ఒక్క వాక్యం



ఈసారి ఈ శీర్షికలో పండుగల ముచ్చట కాకుండా ఒక బండి ముచ్చట చెబుతాను. మాకు బండి లేదు కదా అని పేజీ తిప్పెయ్యకండి. వారంటీ కార్డుతో ఇంటికొచ్చిన ప్రతి వస్తువుకూ ఈ సంగతి పనికొస్తుంది.

మాది హోసూరు. మా తమ్ముడు బ్యాంకు అప్పు మీద ఒక పికప్ బండి కొన్నాడు. రాయకోట వైపు టమాటా ఎత్తి సేలం మార్కెట్టులో దింపడం అతని పని. డ్రైవరూ అతనే, ఓనరూ అతనే. బండికి వారంటీ మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది. పద్నాలుగు నెలలయ్యేసరికి 38 వేల కిలోమీటర్లు తిరిగింది.

ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా, "అన్నా, స్టీరింగు చేతికి వదులుగా తగులుతోంది. తొప్పూరు ఘాటు దిగుతుంటే గుండె జారిపోయింది" అన్నాడు. ధర్మపురి దాటాక సేలం దారిలో వచ్చే ఆ దిగుడు ఎన్ని ప్రాణాలు తీసిందో మా ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కరలేదు.

స్టీరింగు పని తీరు తెలియని వారి కోసం రెండు మాటలు. మనం చక్రం తిప్పితే, దాని కడ్డీ కొసన ఉన్న చిన్న పళ్ళ చక్రం, కింద ఉన్న పళ్ళ కడ్డీని అటూ ఇటూ జరుపుతుంది. ఆ అడ్డకడ్డీని రాక్ అంటారు. దాని రెండు కొసలకూ ఉన్న టై రాడ్లు ముందు చక్రాలను తిప్పుతాయి. ఈ పళ్ళ మధ్య గానీ, టై రాడ్ల కీళ్ళలో గానీ సందు పడిందా, చేతిలోని చక్రం తిరుగుతుంది, రోడ్డు మీది చక్రం తిరగదు. దీన్నే మెకానిక్కులు ‘ప్లే’ అంటారు. పేరుకు ఆటే గానీ ప్రాణాలతో ఆట.

తమ్ముడు బండి కొన్న డీలరు వర్క్‌షాపుకు వెళ్ళాడు. అలైన్‌మెంటు చేసి, డబ్బు తీసుకొని పంపారు. వారం తిరక్కుండా మళ్ళీ అదే వదులు. మళ్ళీ వెళ్తే ఏదో బిగించి, "ఏమీ లేదు, తోలుకోండి" అన్నారు. ఆ రాత్రే మండీ నుండి ఫోను, లోడు తయారుగా ఉందని. "నిదానంగా పోయొస్తాలే" అని తమ్ముడు లేచాడు. మా మరదలు ఒక్క మాట అనలేదు. బండి తాళం తీసి బియ్యం డబ్బాలో వేసి, మూత మీద కూర్చుంది. ఆ రాత్రి లోడు ఇంకొకరి బండిలో పోయింది.

మరునాడు మా వీధి మేస్త్రి ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, రెండు పక్కలా పట్టుకొని ఊపి చూశాడు. "టై రాడ్లు గట్టిగానే ఉన్నాయి సార్, సందు రాక్‌లోనే ఉంది. నేను విప్పితే రేపు వారంటీ లేదంటారు. మీరు అక్కడికే పోండి" అన్నాడు. చేతికొచ్చిన బేరం వదులుకొని మంచి మాట చెప్పినందుకు ఆయనకు దణ్ణం పెట్టాలి.

మూడోసారి నేనూ వెంట వెళ్ళాను. ముందు రెండుసార్ల జాబ్ కార్డులు తీసి చూద్దును కదా, ఒకదానిలో ‘వీల్ అలైన్‌మెంట్’ అని, రెండోదానిలో ‘జనరల్ చెకప్’ అని ఉంది. స్టీరింగు మాటే లేదు! మా వాడు చెప్పింది తమిళంలో, వాళ్ళు రాసుకున్నది ఇంగ్లీషులో, చదవకుండా సంతకం పెట్టింది తెలుగువాడు. ఈ మూడు భాషల నడుమ అసలు మాట జారిపోయింది. కాగితం ప్రకారం మా బండి స్టీరింగుకు అంతవరకూ ఏ జబ్బూ రాలేదన్నమాట.

అందుకని ఈసారి నేనే దగ్గర కూర్చొని రాయించాను: "స్టీరింగు రెండంగుళాలు తిప్పినా ముందు చక్రాలు కదలడం లేదు. మలుపులో టక్కుమని శబ్దం. ఇదే ఫిర్యాదుతో మూడోసారి వచ్చాము." పక్కన తేదీ, కిలోమీటర్ల రీడింగు. సూపర్‌వైజరు చదివి, "ఓవర్‌లోడు వేసుంటారు, దానికి వారంటీ రాదు" అన్నాడు. మా నాన్నగారి కాలం నుండి మా ఇంట్లో ప్రతి చీటీనీ తీగకు గుచ్చే అలవాటు. ఆ తీగ పట్టుకొనే వెళ్ళాను. కాటా చీటీలు, సర్వీసు బిల్లులు అన్నీ ముందు పెట్టి, "ఓవర్‌లోడు వల్లనే చెడిందని మీ సీలు వేసి రాసివ్వండి, చాలు" అన్నాను. ఆయన లోపలికి వెళ్ళి మేనేజరుతో మాట్లాడి వచ్చాడు. అప్పుడు గానీ ఒక టెక్నీషియను తమ్ముడి పక్కన కూర్చొని రోడ్డు మీద బండిని పరీక్షించలేదు.

"భాగం వచ్చేదాకా బండి తోలుకోవచ్చు" అన్నారు. అదీ రాసివ్వమన్నాం. రాయలేదు. మేము బండిని అక్కడే వదిలి బస్సెక్కాం. ఆరో రోజున కంపెనీ ఇంజనీరు వచ్చి చూశాడు. పదకొండో రోజున రాక్ మొత్తం ఉచితంగా మార్చి, అలైన్‌మెంటు చేసి ఇచ్చారు. పదకొండు రోజుల కిరాయి మాత్రం ఎవరూ ఇవ్వలేదు. బ్యాంకు వాయిదా ఆగనూ లేదు. అయినా తమ్ముడు ఇంట్లో ఉన్నాడు, అది చాలు.

ఒకవేళ కాదనే ఉంటే? వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో చేసిన కొత్త చట్టం 2020 జూలై 20 నుండి అమలులో ఉంది. వ్యాపారానికి కొన్న వస్తువుకు ఇది వర్తించదని కొందరు భయపెడతారు. కానీ స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొన్న బండికి ఇది వర్తిస్తుంది. ఫిర్యాదును మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. వస్తువును పక్క రాష్ట్రంలో కొన్నా సరే. సరిహద్దుల్లో ఉండే మనబోటి వారికి ఇది పెద్ద వెసులుబాటు. రెండేళ్ళలోపు వేయాలి. వస్తువుకు చెల్లించిన ధర అయిదు లక్షల లోపైతే రుసుము లేదు, పది లక్షల లోపైతే 200 రూపాయలే. అంతకు ముందు 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. అక్కడ తెలుగులో కూడా మాట్లాడతారు. బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా మన గోడు మన భాషలోనే చెప్పుకోవచ్చు.

కానీ ఎక్కడికి వెళ్ళినా మొదట అడిగేది కాగితమే. కాబట్టి నా మనవి ఒక్కటే. సంతకం పెట్టే ముందు, మీరు చెప్పిన మాటే కాగితం మీద ఉందో లేదో చదివించుకోండి. భాష రాకపోతే స్కూలుకెళ్ళే పిల్లల చేత చదివించండి, నామోషీ ఏమీ లేదు. ఆ కాగితం నకలు తెచ్చుకొని తీగకు గుచ్చండి.

మా బండి మళ్ళీ తొప్పూరు దిగుతోంది. తాళం ఇప్పుడు మేకుకే వేలాడుతోంది. బియ్యం డబ్బా మాత్రం అక్కడే ఉందని మా మరదలు అప్పుడప్పుడూ గుర్తు చేస్తుంటుంది.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.