పెట్రోలుకున్న విలువ పిల్లలకు లేదా?

పెట్రోలు ట్యాంకరు నడిపే మనిషికి మామూలు లైసెన్సు చాలదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 9వ నిబంధన ప్రకారం, ప్రమాదకరమైన సరుకు మోసే డ్రైవరు 3 రోజులు ప్రత్యేక తర్ఫీదు పొంది తీరాలి. మరి నలభైమంది పిల్లల్ని మోసే డ్రైవరుకో? లైసెన్సులో బడి బస్సుకంటూ ఒక తరగతే లేదు. ‘రవాణా వాహనం’ అన్న ముద్ర ఉంటే చాలు. 7,500 కిలోల లోపు బండ్లకు ఆ ముద్ర కూడా అక్కర్లేదని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. మన పిల్లలు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని వెళ్ళే వ్యాన్లు ఈ లెక్కలోవే.

తర్ఫీదు విలువ తిరుపతి వాళ్ళకి తెలియనిది కాదు. తిరుమల ఘాటెక్కే ఆర్టీసీ బస్సును ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వరు. కొండెక్కే భక్తుడికున్న ఈ పూచీ, కొండ కింద చంద్రగిరి, పాకాల పల్లెల నుంచి బడికొచ్చే పిల్లకి ఎందుకు లేదని నేనడుగుతున్నాను.

‘అనుభవం ఉండాలన్న షరతుంది కదా’ అంటారు. ఉంది. 1997లో ఢిల్లీ వజీరాబాద్ వంతెన మీంచి బడి బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు పోయాక, హెవీ వాహనం 5 ఏళ్ళు నడిపినవారే బడి బస్సు నడపాలని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ బస్సు దిగిన పసిపిల్ల చక్రం ముందునుంచే పరిగెడుతుందని ఎన్నేళ్ళు లారీ తోలితే తెలుస్తుంది?

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో, కాపలా లేని రైల్వే గేటు దగ్గర బడి బస్సును రైలు ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు పోయారు, డ్రైవరూ పోయాడు. 2019 కల్లా బ్రాడ్‌గేజి మీద అలాంటి గేట్లన్నీ తీసేశారు. డ్రైవరు తర్ఫీదు సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

ప్రమాదం జరగ్గానే డ్రైవరును తిట్టి ఊరుకోవడం యాజమాన్యాలకు సుఖం. తక్కువ జీతానికి దొరికాడని పెట్టుకున్నదెవరు? రెండు ట్రిప్పుల మధ్య తోటపనీ చేయించేదెవరు? బస్సు మీద నమ్మకం పోయిననాడు ఇంట్లో ముందు చదువు మానేది ఆడపిల్ల. అందుకే ఇది మన సమస్య.

పెట్రోలుకు 3 రోజులైతే, పిల్లలకు అంతకు తక్కువ ఒప్పుకోవద్దు. ఆ రోజుల జీతం యాజమాన్యమే ఇవ్వాలి. ప్రతి బస్సులోనూ సరైన జీతంతో ఆయా ఉండాలి. జూన్‌లో బస్సు ఫీజు కట్టేముందు ప్రతి తల్లీ డ్రైవరు లైసెన్సు చూపించమని అడగాలి. ఒక్కతే అడిగితే కసురుతారు. సంఘంగా వెళ్ళి అడుగుదాం.